నాలుగు వేళ్ల వదులు

“పోను. పోనంటే పోను. ఇంగ నన్నెవరూ అడగొద్దండి.”

యతిరాజులు పొద్దుటి నుంచి ఈ మాట అనడం ఇది ఆరోసారి. అనేసి, పూలగదిలో చాప మీద గోడవైపుకు తిరిగి కూర్చున్నాడు. ముందు బుట్టెడు మల్లెమొగ్గలు, పక్కన తడిగుడ్డలో చుట్టిన అరటినార. మనిషికి కోపం వచ్చినా చేతులకు రాలేదు. అవి మొగ్గల్ని జతలు జతలుగా పేర్చి ముడి వేస్తూనే ఉన్నాయి. మాల తొమ్మిదింటికి గుడికి చేరాలి.

గడప ఇవతల పద్మాక్షి ఆసుపత్రి చీటీ పట్టుకుని నిలబడింది. పది గంటలకు రావాలని ఆ చీటీలో ఉంది. రాసింది తనే. ఆసుపత్రి కార్డుల గదిలో ఆమెది గుమాస్తా ఉద్యోగం. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. తండ్రి పేరు మీద చీటీ రాయాల్సి వస్తుందని ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు తెలియదు.

నడవలో ఇంకో ప్రయాణానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. చిత్తూరు నుంచి నిన్ననే దిగిన మేనత్త అలివేలమ్మ తమ్ముడి పంచెలు రెండు, తువ్వాలొకటి, కంచుచెంబొకటి గుడ్డసంచిలోకి కుక్కుతోంది. పలమనేరు దాటినాక ఏదో పల్లెలో ఒకాయన పసరుమందు పోస్తాడట. పదకొండు గంటలకు బస్సు.

“పది గంటలకు ఆసుపత్రికి పోతే పదకొండు బస్సు ఎట్ల దొరుకుతాది అత్తా?” అంది పద్మాక్షి.

“దొరకదు. అందుకే ఆసుపత్రికి పోవద్దంటాండా.”

“అయిపోయిందా నీ న్యాయం?”

“ఇంకా ఉండాది. నీ బియ్యస్సీ వినేటట్టుంటే చెప్తా. లేకుంటే పక్కకు జరుగు, చెంబు పట్టడంల్యా.”

వంటింట్లో రంగనాయకి పొయ్యి మీద గిన్నె మూత తీసింది, పెట్టింది. మళ్లీ తీసింది. అది పద్మాక్షి గమనించింది. అమ్మకు మూతతో పని లేదు. కన్నీళ్లు కనపడకుండా ఉండడానికి పొగ కావాలి.

ఇంతకీ ఇంట్లో ఇంత రభసకు కారణం దేవుడి పటం ముందు కుంకుమ బరిణెలో ఉన్న ఒక అరటినార ముక్క.

యతిరాజులు ముప్పై రెండేళ్లు స్వామికి మాల కట్టినవాడు. ఆ ముప్పై రెండేళ్లూ చెంపలో పొగాకు పెట్టుకున్నవాడు. మాల స్వామి మెడకు చేరింది, పొగాకు తన మెడకు చేరింది. చెంప లోపల పుండు లేచి, దవడ కింద నిమ్మకాయంత గడ్డ కట్టాక గాని మనిషి నోరు విప్పి చెప్పలేదు. మూడు వారాల కింద ఆసుపత్రిలో సెలైనుతో మందు ఎక్కించారు. మూడు వారాలు ఆగి గడ్డ కొలిచి, దాన్నిబట్టి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టడం మొదలుపెడతామన్నారు. ఆ కొలిచే రోజు ఇవాళే.

ఆ మందు ఎక్కించిన సాయంత్రమే పద్మాక్షి ఒక తప్పు చేసింది. తండ్రికి ధైర్యం చెబుదామని, తాను కార్డుల గదిలో చేస్తున్న పని గురించి అన్నం దగ్గర చెప్పింది. పెద్ద డాక్టరమ్మ చంద్రకాంతమ్మ చెప్పగా, నోటికీ మెడకూ ఈ జబ్బు వచ్చినవాళ్ల పాత కార్డులన్నీ ఆమె రెండు కట్టలు కట్టింది. మొదటి మందుకు గడ్డ సగానికి తగ్గినవాళ్లు ఒక కట్ట. తగ్గనివాళ్లు ఇంకో కట్ట.

“సగానికి తగ్గినోళ్లు శానామంది బాగుండారు నాయనా. తగ్గనోళ్లు...”

అక్కడ ఆగిపోయి ఆమె మజ్జిగ పోసుకుంది. కాని రంగనాయకి ఆ ఆగిన మాటే విన్నది. మరునాడు శుక్రవారం. తలకు పోసుకుని, పూలగదిలో తడిగుడ్డ విప్పి, ఒక నార తీసి మొగుడి మెడ చుట్టూ గడ్డ మీదుగా తిప్పింది. సరిగ్గా రెండు కొసలూ కలిసిన చోట తెంపి, కుంకుమ బరిణెలో చుట్టి దాచింది. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున ఆ నార తీసి మళ్లీ చుట్టింది. కొసలు కలవలేదు. మధ్యలో వేలెడు ఖాళీ!

గడ్డ తగ్గి ఉంటే నార మిగలాలి. చాలలేదంటే మెడ పెరిగినట్టే కదా. చేతిలో నారతో ఆమె అక్కడే కూలబడింది. యతిరాజులు అద్దంలో ఆ ఖాళీ చూసుకున్నాడు. అంతే. అప్పటి నుంచి “పోను” అన్న మాట తప్ప ఇంకొకటి లేదు.

“అమ్మా, నిన్నెవరు కొలవమన్నారు?” అని పద్మాక్షి వంటింటి గుమ్మంలోకి వచ్చి మెల్లగా అడిగింది.

“నువ్వే గదా చెప్పినావు, కొలిస్తే తెలుస్తాదని.”

“డాక్టరమ్మ కొలుస్తాది అన్నా. నిన్ను కొలవమన్లేదు.”

“మూడు వారాలు ఊరికే ఎట్ల కూర్చుండేది పాపా? నీకు ఆసుపత్రి ఉండాది, మీ నాయనకు గుడి ఉండాది. నాకేముండాది?”

పొయ్యిలో పుల్ల ఒకటి చిటపటమంది. ఆ చప్పుడు కూడా తనను తిట్టినట్టే పద్మాక్షికి అనిపించింది.

ఆమె మళ్లీ పూలగది గడప దగ్గరికి వచ్చింది. “నాయనా, నా కంటికి గడ్డ తగ్గినట్టే ఉండాది. నిన్న చిత్రాన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నావు. పోయిన నెల మజ్జిగ మింగేదానికి కండ్లల్లో నీళ్లు తెచ్చుకుంటివి.”

“నా చేతి వంట తిన్నోడు ఎవడైనా రెండోసారి అడుగుతాడు,” అని నడవలోంచి అలివేలమ్మ అందుకుంది. “అది కూడా మందు గొప్పేనా?”

“నీ కంటికి తగ్గినట్టు ఉంటాది పాపా,” అన్నాడు యతిరాజులు గోడవైపు చూస్తూనే. చెంపలో పుండు వల్ల మాట కొంచెం ముద్దగా వస్తుంది గాని, అందులో పదును తగ్గలేదు. “నీకు తగ్గాలని ఉండాది గాబట్టి. నారకు అట్లాంటి ఆశ లేదు. ముప్పై రెండేండ్లుగా దీంతోనే కొలుస్తాండా. ఒక్కపొద్దు మాల పొట్టి కాలేదు, ఒక్కపొద్దు పొడుగు కాలేదు. నా నార అబద్ధం చెప్పదు.”

“డాక్టరమ్మ స్కేలు...”

“ఆ స్కేలు ఎవరి మెడకు మాల కట్టింది?”

అలివేలమ్మ పకపక నవ్వింది. “బాగా అడిగినావురా యతీ! చెప్పవే పద్మా.”

పద్మాక్షిని భయపెట్టింది అత్త నవ్వు కాదు, తన లెక్కే. నార చెప్పింది నిజమైతే, తండ్రి పడాల్సిన కట్ట ఏదో ఆమెకు తెలుసు. ఆ కట్టను గళ్లగుడ్డతో కట్టి బీరువా కింది అరలో పెట్టింది కూడా తనే. ఆ కట్టలోవాళ్లు ఏమయ్యారో ఈ ఇంట్లో తను తప్ప ఇంకెవరికీ తెలియదని ఇన్నాళ్లు అనుకుంది. ఇవాళ అందరి ముఖాల్లోనూ ఆ గళ్లగుడ్డే కనిపిస్తోంది.

వీధిలో సైకిలు మీద ఐసువాడు గంట కొట్టుకుంటూ పోయాడు.

యతిరాజులు మాల చివరికి వచ్చాడు. ఆఖరి జత మొగ్గలు పెట్టి, నార మెలేసి, ముడి బిగించబోయే ముందు కుడిచేతి నాలుగు వేళ్లు అడ్డం పెట్టి అంత మేర నార వదిలి, ఆ తర్వాత కొస ముడి వేశాడు. పద్మాక్షి చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అది. ఏడేళ్ల వయసులో ఒకసారి ఎందుకని అడిగింది కూడా. “నీకెందుకు? పుస్తకం తియ్,” అన్నాడు అప్పుడు. ఆమె చేతికి నార తగలనివ్వలేదాయన. పూలపని చేసే చేతులు పెన్ను పట్టవని ఆయన భయం.

తండ్రి చేత ఏదో ఒకటి మాట్లాడించాలి. ఆమె పదిహేడేళ్ల నాటి ప్రశ్నే మళ్లీ అడిగింది.

“నాయనా, ఆ నాలుగు వేళ్లు ఎందుకు వదుల్తావు?”

“ఏం, ఇప్పుడు నేర్చుకుంటావా?”

“చెప్పు.”

పని సంగతి అడిగితే యతిరాజులు కోపం నిలవదు. ఇటువైపు తిరిగాడు. “తడినార పాపా ఇది. కట్టేటప్పుడు ఉండే పొడుగు కట్టినాక ఉండదు. గాలికి ఆరేకొద్దీ ముడుక్కుంటాది. నాలుగు వేళ్లు వదులు పెట్టకుంటే మధ్యాన్నానికి మాల పొట్టిదై స్వామి మెడకు...”

మాట అక్కడే ఆగిపోయింది.

ముడి మీద వేళ్లు అట్లాగే ఉండిపోయాయి. ఆయన పద్మాక్షిని చూశాడు. పద్మాక్షి ఆయన్ని చూసింది.

“ఏందిరా, నోట్లో మొగ్గ ఇరుక్కున్నట్టు ఆగిపోయినావు?” అంది అలివేలమ్మ.

“రంగా!” అని కేకేశాడు యతిరాజులు. నెల రోజులుగా అంత గట్టిగా కేక వేసింది లేదు. “రంగా, ఆ బరిణె తీసుకోని రా. బిరీన!”

రంగనాయకి ఏమైందోనని పరుగెత్తుకుంటూ వచ్చింది. బరిణెలోంచి నార తీసి మొగుడి చేతిలో పెట్టింది. ఎండాకాలం. మూడు వారాలు. నార ఎండి, వంకర్లు తిరిగి, చిన్నపిల్లల జుట్టు కొసలా ముడుచుకుపోయి ఉంది.

“ఇది కోసినప్పుడు తడిదా, పొడిదా?”

“తడిదే. గుడ్డలోంచి తీసినా. ఎందుకండీ?”

ఆయన నార నానవేసే నీళ్లతట్టలో ఆ ముక్కను జారవిడిచాడు. అది నీళ్ల మీద కాసేపు తేలి, మెల్లగా మునిగింది. నలుగురూ తట్ట చుట్టూ చేరి దాన్నే చూస్తున్నారు. అలివేలమ్మ సంచి కూడా వదలకుండా వచ్చి వంగింది.

“ఎంతసేపు నానాల?” అంది పద్మాక్షి.

“ఒక ఆకూవక్కా నమిలేంత సేపు.”

“నమలకుండా చెప్పండి,” అంది రంగనాయకి.

“నాకు గడియారం అదే గదా ఇన్నేండ్లూ,” అన్నాడాయన. పుండు లేని వైపు పెదవి కొంచెం కదిలింది. “సరే, గోవిందనామాలు చెప్పుకో. నూట ఎనిమిది.”

రంగనాయకి పైకే చెప్పడం మొదలుపెట్టింది. యాభై దాటేసరికి వేగం పెంచింది. “మధ్యలో మింగేస్తాండావు రంగా, దేవుడు లెక్కబెట్టుకుంటాంటాడు,” అని అలివేలమ్మ గదమాయించింది. నూట ఎనిమిది అయినట్టే అయ్యాయి.

యతిరాజులు నార పైకి తీసి, రెండు వేళ్ల మధ్య పెట్టి నీళ్లు దిగదీశాడు. వంకర్లు పోయాయి. నిటారుగా, నిగనిగలాడుతూ నిలిచింది. రంగనాయకి చెయ్యి చాపింది.

“నువ్వొద్దమ్మా,” అంది పద్మాక్షి. “నేనూ వద్దు. మన ఇద్దరికీ తగ్గాలని ఉండాది. అత్త చుట్టాల.”

“నేనా?”

“నువ్వే. ఈ ఇంట్లో మందు మీద నమ్మకం లేంది నీకే గదా.”

అలివేలమ్మ సంచి కింద పెట్టింది. తమ్ముడి వెనక్కి పోయి, చాలా నిష్ఠగా, నార మెడ చుట్టూ గడ్డ మీదుగా తిప్పి ముందుకు తెచ్చింది. రెండు కొసలూ కలిశాయి. కలిసి, ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లాయి. ఒక వేలెడు!

“ఇదేం మాయరా,” అంది అలివేలమ్మ.

“గట్టిగా లాగినావేమో,” అన్నాడు యతిరాజులు.

“నేను లాగలేదప్పా. ఉండు.” మళ్లీ చుట్టింది. మళ్లీ వేలెడు మిగిలింది. మూడోసారి మరీ వదులుగా, నార జారిపోతుందేమో అన్నంత వదులుగా పట్టుకుంది. అప్పుడూ మిగిలింది.

“తగ్గింది,” అంది చివరికి, ఎవరిమీదో నేరం మోపినట్టు. “ఈడ తగ్గింది యతీ. వేలెడు తగ్గింది.”

రంగనాయకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని పద్మాక్షి భుజం పట్టుకుంది. ఏడవడం లేదు, నవ్వుతోంది. ఆపుకోలేక చాప మీద కూలబడి నవ్వుతోంది. “పెండ్లయినప్పట్నుంచి నారతోనే కాపరం. దినామూ నా చేత్తోనే నానబెడ్తా. ఎండితే ముడుక్కుంటాదని నాకు తెలీదా? పొద్దున్నుంచి ఎంత ఏడిపించింది ఈ ముక్క!”

“నాకు తెలీదా మరి?” అన్నాడు యతిరాజులు. ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వితే చెంప నొస్తుంది. నొప్పికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు. “మల్లెమాలకు వదులు పెట్టినా. తులసిమాలకు పెట్టినా. నా మెడకాడికి వచ్చేసరికి మరిసిపోయినా.”

“మెడ మీద తలకాయ ఉంటే గదా జ్ఞాపకం ఉండేది,” అని అలివేలమ్మ తమ్ముడి నెత్తిన ఒకటి మొట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని సంచి భుజాన వేసుకుంది.

“ఇంకా యాడికత్తా ఆ సంచి?”

“ఆసుపత్రికే. ఆ డాక్టరమ్మ స్కేలు ఏం చెప్తాదో నేనూ చూడాల. మధ్యాన్నం మూడింటికి ఇంకో బస్సు ఉండాదిలే.”

*

డాక్టర్ చంద్రకాంతమ్మ నోట్లోకి లైటు వేసి చూసింది. దవడ కింద వేళ్లతో తడిమింది. స్కేలు ఆనించి అటూ ఇటూ కొలిచి, కార్డు తిప్పి పాత అంకె చూసింది. ఎదురు బల్ల మీద యతిరాజులు, ఆయన వెనక రంగనాయకి, సంచితో సహా అలివేలమ్మ. పద్మాక్షి కార్డు రాయడానికి పెన్ను మూత తీసింది.

“అప్పుడు ఐదు సెంటీమీటర్లు. ఇప్పుడు రెండు. రాయమ్మా.”

పద్మాక్షి రెండు అని రాసింది. ఆ అంకెను అంత గుండ్రంగా ఆమె ఎన్నడూ రాయలేదు.

“సగానికి మించే తగ్గింది. మందుకు బాగా లొంగింది,” అంది డాక్టరమ్మ. “మీరేమిటి, ముందే తెలిసినట్టు నవ్వుకుంటున్నారు?”

యతిరాజులు జేబులోంచి తడిగుడ్డ తీసి విప్పాడు. నార కథ అలివేలమ్మ చెప్పింది. మూడుసార్లు చుట్టింది తనే అన్న సంగతి రెండుసార్లు చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వింది. “ఆ నార కూడా కార్డుకు కుట్టి పెట్టు పద్మాక్షీ. ఎండిపోయాక ఎవరికీ చూపించకు.”

యతిరాజులు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, ఒక మాట. గడ్డ తగ్గితే మనిషి ఎన్నాళ్లు ఉంటాడో మీకు లెక్క తెలుస్తాదంట గదా. నా లెక్క ఎంతమ్మా?”

గదిలో నవ్వు ఆగింది.

“ఆ లెక్క కట్టింది మీ అమ్మాయే. తననే చెప్పనివ్వండి,” అంది డాక్టరమ్మ. “ఒకటే గుర్తు పెట్టుకోండి. ఇది జాతకం కాదు. మీకు ముందు ఈ దారిన పోయినవాళ్ల లెక్క.”

పద్మాక్షి పెన్ను కింద పెట్టింది. ఈసారి మాట మధ్యలో ఆపకూడదనుకుంది. “మొత్తం నూట పన్నెండు మంది నాయనా. మందుకు గడ్డ సగానికి తగ్గినోళ్లు యాభై ఎనిమిది. మూడేండ్లయినాక వాళ్లల్లో నలభై ఒక్కరు బాగుండారు. తగ్గనోళ్లు యాభై నాలుగు. వాళ్లల్లో పదకొండు మంది.”

“బాగుండారని నీకెట్ల తెలుసు? ఊరూరూ తిరిగినావా?”

“జవాబు కార్డులు పంపిస్తాం. రెండు కార్డులు కలిసి ఉంటాయి గదా, ఒకదాంట్లో నేను రాస్తా, ఇంకోటి చించి వాళ్లు రాసి డబ్బాలో వేస్తారు. పులికాట్ సరస్సు కాడినుంచి వెంకటముని అని ఒకాయన రాస్తాడు. నాలుకకు వచ్చింది ఆయనకు. నాలుగేండ్లయింది. ఎప్పుడు రాసినా ఒకటే మాట. ‘రొయ్యలు బాగా పడుతున్నాయి. నేనూ బాగున్నాను.’”

“రొయ్యలు ముందు, తను తర్వాతనా!” యతిరాజులు తొడ చరిచాడు. “అయితే నాకూ రాస్తావా కార్డు? ఒకే ఇంట్లో ఉండి?”

“రాస్తా. అందరికీ రాసినట్టే నీకూ రాస్తా.”

“రాయి. నేనూ రాస్తా. ‘మల్లెలు బాగా పూసినాయి’ అని.”

రంగనాయకి తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. ఈసారి పొగ లేదు, కాని ఎవరూ ఏమీ అడగలేదు.

డాక్టరమ్మ కార్డు మీద ఇంకో వరుస రాసి సంతకం చేసింది. “ఇంకో మాట కూడా వినండి. తగ్గిందంటే పోయిందని కాదు. సోమవారం నుంచి కరెంటు. ఆదివారాలు తప్పించి ముప్పై రోజులు. ఒక్కరోజు కూడా మానకూడదు. నోరు పుండవుతుంది, నీరసం వస్తుంది, ఆ రోజుల్లో ఇంట్లో పని పెట్టుకోవద్దు.”

యతిరాజులు వేళ్లు మడిచాడు. సోమ, మంగళ, బుధ... రెండో చేతికి వచ్చి ఆగాడు.

“వచ్చే వారమే స్వామి ఉత్సవాలు మొదలమ్మా. తొమ్మిది దినాలు పెద్దమాల కట్టాల. అవి అయినాక మొదలుపెడితే?”

“ఆలస్యం చేస్తే గడ్డ మళ్లీ పెరుగుతుంది.”

“మధ్యలో తొమ్మిది దినాలు మానుకుంటే?”

“ఆ నలభై ఒక్కరూ కరెంటు పూర్తిగా పెట్టించుకున్నవాళ్లు. మధ్యలో మానేసినవాళ్లకు మీ అమ్మాయి చెప్పిన లెక్క వర్తించదు.”

ఆయన మడిచిన వేళ్లు విప్పలేదు.

*

తిరిగి ఇంటికి వచ్చే దారిలో ఆటో వంపు తిరిగినప్పుడల్లా అలివేలమ్మ సంచిలో చెంబు గలగలమంది.

పెద్దమాల అంటే అందరూ కట్టే మాల కాదు. మూడు పేటలు, రెండు వైపులా మరువం, ప్రతి పదహారు జతలకూ నార మెలిక తిరగాలి. ఆ మెలిక యతిరాజులుకు వాళ్ల నాయన నేర్పాడు. రంగనాయకికి చెండ్లు కట్టడం వచ్చు, ఈ మెలిక రాదు. ఊళ్లో ఇంకెవరికీ రాదు.

“నాకు నేర్పుంటే నేను కట్టేదాన్ని,” అంది అలివేలమ్మ నడవలో కాళ్లు చాపుకుంటూ. “ఆడపిల్లవు, అత్తగారింటికి పొయ్యేదానివి, నీకెందుకు అనె మా నాయన. ఇప్పుడు సూడు.”

మూడింటి బస్సు సంగతి ఆమె కూడా ఎత్తలేదు.

యతిరాజులు పూలగదిలోకి పోయాడు. కాసేపటికి లోపలి నుంచి, “పాపా, ఇట్లరా,” అని పిలుపు వినిపించింది.

పద్మాక్షి వెళ్లి గడప ఇవతల నిలబడింది. అలవాటు అది.

“లోపలికి రా. కూకో.”

చాప మీద తన చోటు వదిలి, ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు. సాయంత్రం చెండ్లకు తెచ్చిన మల్లెబుట్ట ఆమె ముందుకు తోశాడు. తడిగుడ్డ విప్పి పెట్టాడు.

“నీ చేతికి ఇది తగలనియ్యలేదు నేను. నువ్వు చదివితివి, ఆ లెక్క కడితివి. ఆ లెక్క వినే ఇయ్యాల నేను నవ్వినా. నేను చేసిందాంట్లో తప్పేం లేదు.” ఆగి, చెంప పట్టుకుని మళ్లీ అన్నాడు. “కానీ స్వామికి మాల లేకుండా నేను ఆ కరెంటు బల్ల మీద పడుకోలేను పాపా. పడుకున్నా నా ప్రాణం ఈడే ఉంటాది. ఉత్సవాలకు ఇంకా వారం దినాలు ఉండాది. చేతిలో పని ఉందో లేదో మొదటి ముడిలోనే తెలుస్తాది నాకు. కట్టు. నిలిస్తే సోమవారం కరెంటుకు వస్తా, పక్కన కూర్చోని మిగతాది నేర్పిస్తా.”

“జారితే?” అంది పద్మాక్షి.

ఆయన మల్లెబుట్టను ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

“జారితే నా సంచి సర్దే ఉండాది,” అంది నడవలోంచి అలివేలమ్మ. కాని ఆ గొంతులో పొద్దుటి ఎగతాళి లేదు. లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. రంగనాయకి ఆమె వెనక నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. గోవిందనామాలే.

పద్మాక్షి కుడిచేతి మధ్యవేలికి ఆసుపత్రి సిరా మరక ఇంకా ఉంది. పొద్దున గుండ్రంగా రెండు అంకె వేసిన వేలు. ఒక నార తీసి, తట్టలో తడిపి, తండ్రి దిగదీసినట్టే నీళ్లు దిగదీసింది. రెండు మొగ్గలు అటు, రెండు మొగ్గలు ఇటు పేర్చింది. ఒకటి దొర్లిపోయింది. తెచ్చి మళ్లీ పెట్టింది. ఇన్నేళ్లు గడప ఇవతల నుంచి చూసిందంతా కళ్లకు గుర్తుంది గాని వేళ్లకు తెలియదు.

కొస దగ్గర తన నాలుగు వేళ్లు అడ్డం పెట్టుకుంది. అంత వదులు ఉంచి, నార మెలేసి, ముడి వేసింది.

నాలుగు మొగ్గలూ కదలకుండా నిలిచాయి.

“నాలుగు వేళ్లు మరిసిపోలేదు,” అన్నాడు యతిరాజులు తనలో తాను అనుకున్నట్టు.

తర్వాత చెయ్యి చాపి, ఆ ముడిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ముప్పై రెండేళ్లుగా తన ముడిని తను ఎంత గట్టిగా లాగి చూసుకున్నాడో అంత గట్టిగానూ లాగాడు.